గడియ పెట్టని తలుపు

కొన్నేళ్ళ క్రితం ఒక నవల చదివి, దాన్ని రాసినాయన మీద మా అక్క దగ్గర గట్టిగా ఫిర్యాదు చేశాను. కథ ఇది. ఇంట్లో గొడవపడి ఒక అమ్మాయి వెళ్ళిపోతుంది. పదకొండేళ్ళ తర్వాత ఒక అర్ధరాత్రి తిరిగొస్తుంది. వీధి తలుపు మీద చెయ్యి వేస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్తుంది. నవల అక్కడితో అయిపోతుంది.

"అర్ధరాత్రి వీధి తలుపుకి గడియ పెట్టకుండా ఎవరైనా పడుకుంటారా? ఆ పిల్లని లోపలికి పంపడానికి వేరే దారి దొరక్క అలా కానిచ్చేశాడు. అంత మంచి నవలని చివర్లో పాడుచేశాడు" అన్నాను.

అక్క వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "ఏరా, ఆ పిల్ల వెళ్ళిపోయిన రాత్రి తండ్రి ఏం చేశాడో గుర్తుందా?" అని అడిగింది.

"బాధపడ్డాడు" అన్నాను. అంతకు మించి గుర్తు లేదు.

"ఓసారి వెళ్ళి చూడు" అంది.

చూశాను. 43వ పేజీ. తండ్రి బాధపడ్డాడని అక్కడ ఎక్కడా లేదు. ఆయన దీపం ఆర్పాడు. తలుపు దగ్గరికి వేశాడు. గడియ పెట్టలేదు. అంతే ఉంది.

అప్పుడు కూర్చుని పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. దొంగల భయం ఉందని పక్కింటావిడ ఒకచోట హెచ్చరిస్తుంది, ఆయన "ఊఁ" అని ఊరుకుంటాడు. ఇంకోచోట రాత్రివేళ వీధికుక్క ఒకటి లోపలికి వచ్చి పడుకుంటుంది. దాన్ని నేను మొదటిసారి సరదా సన్నివేశం అనుకుని నవ్వుకున్నాను. పెద్దల్లుడు వచ్చినప్పుడు తలుపుకి కొత్త గడియ బిగించి వెళ్తాడు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చేసరికి అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. వాడని గడియ కాబట్టే తుప్పు పట్టింది. పదకొండేళ్ళ పాటు ప్రతి రాత్రీ ఒక మనిషి కూతురి కోసం తలుపు వదిలేసి పడుకున్నాడన్న సంగతిని ఆ రచయిత ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు. నాలుగు చోట్ల చూపించి ఊరుకున్నాడు. ఆ నాలుగు చోట్లా నా కళ్ళు ఆ అక్షరాల మీదుగానే వెళ్ళాయి. నేను మాత్రం అక్కడ లేను.

ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇంకా గుర్తుంది. జ్ఞాపకశక్తి తక్కువైనందుకు కాదు ఆ సిగ్గు. ఒక మనిషి అంత ఓర్పుగా అల్లిన పనిని సగం చూసి, తప్పు అతనిదేనని తీర్పు చెప్పినందుకు. శ్రద్ధగా చదవడం గురించి నేను ఆలోచించడం మొదలుపెట్టింది అప్పుడే. అప్పటి నుంచి ఇప్పటిదాకా తేల్చుకున్నది ఒకటే: శ్రద్ధగల పాఠకుడంటే నెమ్మదిగా చదివేవాడని కాదు, ఎక్కువ చదివేవాడని అసలే కాదు. వెనక్కి తిరిగేవాడు.

సింహావలోకనం అన్న మాట మనం సభల్లోనూ సంవత్సరాంతపు సమీక్షల్లోనూ వాడి వాడి అరగదీశాం. దాని అసలు అర్థం చూడండి. సింహం నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, వచ్చిన దారిని ఓసారి తల తిప్పి చూస్తుందట. భయపడి చూసే చూపు కాదది. నడిచిన నేల మీద తనకున్న హక్కుతో చూసే చూపు. పుస్తకంలో మనకి కావలసింది ఆ తల తిప్పడమే.

మన భాష ఈ తేడాని ఎప్పుడో గుర్తించింది. "చదివేశాను" అంటాం, "చదువుకున్నాను" అంటాం. రెండూ ఒక పనిలాగే కనిపిస్తాయి. కానీ "వేశాను" చేరగానే పని తెమిలిపోయింది, చేతులు దులుపుకున్నాం. గిన్నెలు కడిగేశాను, ఉత్తరం రాసేశాను, పుస్తకం చదివేశాను. "కున్నాను" చేరితే ఆ పని మనవైపు తిరుగుతుంది. దాచుకున్నాను, నేర్చుకున్నాను, చదువుకున్నాను. చదివినదాంట్లో కొంత మన దగ్గర మిగిలింది అన్న అర్థం ఆ ప్రత్యయంలోనే ఉంది. ఒకప్పుడు నేను ఏడాదికి ఇన్ని పుస్తకాలని లెక్క రాసుకునేవాణ్ణి. ఆ లెక్కలో ఉన్నవన్నీ చదివేసినవే. డిసెంబరు దగ్గరపడే కొద్దీ పలచటి పుస్తకాలు వెతుక్కునేవాణ్ణి. ఆ లెక్క ఇప్పుడు మానేశాను. లెక్క పెట్టడం నేరమని కాదు, లెక్క మనల్ని ఎప్పుడూ ముందుకే తోస్తుంది. వెనక్కి తిప్పిన పేజీకి ఏ లెక్కలోనూ చోటుండదు.

వెనక్కి తిరగడం పాఠకుడి బలహీనత అన్న నమ్మకం చాలామందిలో ఉంది. వేగంగా చదవడం నేర్పే తరగతుల్లో మొదటి పాఠమే అది: చదివిన మాట మీదికి కన్ను మళ్ళీ వెళ్ళకూడదు. 1959లో అమెరికాలో ఎవెలిన్ వుడ్ మొదలుపెట్టిన వేగపఠన శిక్షణ దగ్గర నుంచి ఈ మాట తిరుగుతూనే ఉంది. తర్వాత ఫోన్లలో యాప్‌లు వచ్చాయి. తెర మధ్యలో ఒక్కో మాటా మెరిసి మాయమవుతుంది, కన్ను కదపక్కర్లేదు. వెనక్కి వెళ్ళే అవకాశాన్నే తీసేశారు.

మరి కన్ను నిజంగా ఏం చేస్తుంది? అది పంక్తి మీద నున్నగా జారుతూ పోదని, గెంతుతూ ఆగుతూ పోతుందని 19వ శతాబ్దం చివర్లోనే, ఫ్రాన్స్‌లో లూయీ ఎమీల్ జవాల్ అనే కంటి వైద్యుడి ప్రయోగశాలలో గమనించారు. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా జరిగిన పరిశోధనలో, ముఖ్యంగా ఇంగ్లీషు చదివేవాళ్ళ మీద, లెక్కలు తేలాయి. ఒక్కో ఆగుడు దాదాపు సెకనులో నాలుగో వంతు. ఒక్కో గెంతు ఏడెనిమిది అక్షరాలు. ఆ గెంతుల్లో 10 నుంచి 15 శాతం వెనక్కి. అనుభవం ఉన్న పాఠకుల సంగతే ఇది. అంటే బాగా చదివేవాడి కన్ను కూడా ప్రతి పంక్తిలోనో, కనీసం రెండు పంక్తులకోసారైనా, తనకు తెలియకుండానే తల తిప్పి చూస్తోంది.

ఆ వెనక్కి గెంతుల్ని ఆపేస్తే ఏమవుతుందో కూడా చూశారు. 2014లో ఎలిజబెత్ షాటర్, కీత్ రేనర్ బృందం ఒక ప్రయోగం చేసింది. తెర మీద వాక్యం మామూలుగానే ఉంటుంది, కానీ కన్ను ఒక మాట దాటగానే ఆ మాట చెరిగిపోయి దాని స్థానంలో అర్థంలేని అక్షరాలు వస్తాయి. వెనక్కి చూసినా ఏమీ కనబడదు. అలా చదివినవాళ్ళకి వాక్యం తక్కువ అర్థమైంది. తికమక వాక్యాలకే కాదు, తేట వాక్యాలకీ అదే ఫలితం. నాకు ఈ ప్రయోగం చదివినప్పుడు ఒక ఊరట కలిగింది. వెనక్కి చూడటం తప్పు కాదు, అర్థం తయారయ్యేదే అక్కడ.

తెలుగు చదివేవాళ్ళం ఈ విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదన్న మాట ఆ క్రియకి కూడా చివర అంటుకుని వస్తుంది. "గడియ పెట్టలేదు." కన్ను తొందరపడి "గడియ పె" దాకా వెళ్ళి, మిగతాది తనే ఊహించుకుని కింది పంక్తికి దూకితే? తలుపు వేసిన మనిషి గడియ పెడతాడు, అది లోకరీతి. నా మెదడు లోకరీతి ప్రకారం వాక్యాన్ని పూర్తి చేసుకుంది. రచయిత రాసినదాన్ని చదవలేదు.

క్రియ ఒక్కటే కాదు. ఈ నాలుగు వాక్యాలు చూడండి. అక్క వెళ్ళింది. అక్కే వెళ్ళింది. అక్కా వెళ్ళింది. అక్క వెళ్ళిందట. మొదటిది సమాచారం. రెండోదాంట్లో ఇంకెవరూ వెళ్ళలేదన్న సంగతి ఉంది, బహుశా వెళ్ళాల్సిన వేరే ఎవరి మీదో ఒక నిష్ఠూరం కూడా ఉంది. మూడోదాంట్లో అప్పటికే ఇంకెవరో వెళ్ళారు. నాలుగోదాంట్లో చెప్పేవాళ్ళు అక్కడ లేరు. ఎవరో చెబితే విన్నారు, నమ్మారో లేదో తెలియదు. ఒక దీర్ఘం, ఒక ఏత్వం, ఒక "ట". ఒక పాత్ర మొదటి అధ్యాయంలో "ఆయన చాలా మంచివాడట" అంటే, రెండు వందల పేజీల తర్వాత ఆ మంచివాడు చేసే పనికి మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ "ట" దగ్గరే మనకి ఓ చిన్న వార్త అందింది. అందుకోలేదంతే.

అందుకే నేను ఇప్పుడు కథల్లో పెద్ద పెద్ద వర్ణనల దగ్గర కంటే ఇలాంటి చిన్న తోకల దగ్గర ఎక్కువ ఆగుతాను. మంచి రచయిత తన ఎత్తుగడ అక్కడే దాస్తాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వెనక్కి తిరగడం అంటే ఊరికే మళ్ళీ మళ్ళీ చదవడం కాదు. నేను కూడా చాలాకాలం అదే అనుకున్నాను. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగం నా ఆలోచనని సరిదిద్దింది. విద్యార్థులకి ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. ఒక జట్టు నాలుగు విడతల సమయాన్నీ చదవడానికే వాడుకుంది, సగటున 14 సార్లు చదివింది. ఇంకో జట్టుకి చదవడానికి ఒక్క విడతే, సగటున మూడు సార్లకి కాస్త ఎక్కువ. మిగతా మూడు విడతల్లో వ్యాసం చూడకుండా గుర్తున్నది రాయాలి. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్ళే ముందున్నారు, 83 శాతం, 71 శాతం. వారం తర్వాత పరీక్షిస్తే లెక్క తిరగబడింది. 14 సార్లు చదివినవాళ్ళకి 40 శాతం మిగిలింది, చూడకుండా రాసినవాళ్ళకి 61. ఇంకో సంగతి నన్ను మరీ కదిలించింది. తమకి బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువగా ఉన్నది ఆ 14 సార్లు చదివిన జట్టుకే.

ఎందుకలా జరుగుతుందో నా అనుభవంలో నాకు తెలుసు. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు తెలిసిన ముఖాల్లా పలకరిస్తాయి. ఆ పలకరింపునే మనం అర్థం కావడం అనుకుంటాం. వీధిలో రోజూ కనిపించే మనిషికి నమస్కారం పెడుతూ ఉంటాం, పేరడిగితే చెప్పలేం. పుస్తకం మూసి, తెల్లకాగితం ముందు పెట్టుకున్నప్పుడు మాత్రమే మనకి ఎంత తెలుసో తెలుస్తుంది. ఆ తర్వాత వెనక్కి వెళ్ళే మనిషి వేరు. చేతిలో ఒక ప్రశ్న పట్టుకుని వెళ్తాడు. అక్క నన్ను పంపింది అలాగే. "మళ్ళీ చదువు" అనలేదు. "తండ్రి ఏం చేశాడు?" అని అడిగి పంపింది.

కథలు కాని పుస్తకాల్లో ఈ ప్రశ్న ఇంకా అవసరం. వాదించే పుస్తకం చదివేటప్పుడు నేను ఒకే ఒక పని చేస్తాను. ఆ పుస్తకం దేని మీద నిలబడిందో ఆ మాటని పట్టుకుని, అది కనిపించిన ప్రతిచోటా దాని అర్థం అదేనా అని చూస్తాను. స్వేచ్ఛ మీద రాసిన ఒక పుస్తకంలో మొదటి అధ్యాయంలో స్వేచ్ఛ అంటే ఎవరూ అడ్డుపడకపోవడం. ఐదో అధ్యాయానికి వచ్చేసరికి అదే మాటకి చేయగలిగే స్తోమత ఉండటం అన్న అర్థం వచ్చేసింది. మధ్యలో ఎక్కడా హెచ్చరిక లేదు. మొదటి అర్థానికి మనం తల ఊపాం కాబట్టి రెండోదానికీ ఊపుతాం. రచయిత మోసం చేశాడని నేననను, ఆయనకే తెలియకుండా మాట జారి ఉండొచ్చు. కానీ ఐదో అధ్యాయంలో కూర్చుని ఒకటో అధ్యాయానికి వెళ్ళి చూసినవాడికి మాత్రమే ఆ జారుడు కనిపిస్తుంది. పసుపు మార్కరుతో ముఖ్యమైన వాక్యాల మీద గీతలు గీసుకున్నవాడికి కనిపించదు. గీసిన వాక్యాలన్నీ విడివిడిగా చూస్తే బాగానే ఉంటాయి. తేడా ఉన్నది వాటి మధ్య.

గీతలు గీయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న రాయడం మీద ఉంది. గీత "ఇది బాగుంది" అంటుంది, అంతటితో ఆగుతుంది. ప్రశ్న మనల్ని మళ్ళీ అక్కడికి రప్పిస్తుంది.

పుస్తకం అన్న వస్తువు రూపంలోనే ఈ వెనక్కి తిరగడం ఉంది. ప్రాచీన రోమన్ లోకంలో పుస్తకమంటే చుట్ట. ఒక చేత్తో విప్పుతూ ఇంకో చేత్తో చుడుతూ చదవాలి. చాలా వెనక ఉన్న మాట చూడాలంటే అంతా తిరిగి చుట్టాలి. పేజీలు కుట్టిన పుస్తకం క్రీస్తు తర్వాత తొలి శతాబ్దాల్లో మెల్లగా వ్యాపించి, నాలుగో శతాబ్దం నాటికి చుట్టని చాలావరకు పక్కకి నెట్టింది. దానికి కారణాలు చాలా చెబుతారు. పేజీకి రెండువైపులా రాయొచ్చు, మోసుకెళ్ళడం సులువు, ఖర్చు తక్కువ. నాకు నచ్చిన కారణం వేరే: 200వ పేజీలో వేలు పెట్టి 43వ పేజీ తెరవొచ్చు. రెండు చోట్లా ఒకేసారి ఉండొచ్చు. ఆ వేలు పెట్టుకునే సౌకర్యం ఎంత గొప్పదో మనం మరిచిపోయాం.

ఫోను తెర మీద మనం మళ్ళీ చుట్ట దగ్గరికి వెళ్ళాం. పేరు కూడా అదే, స్క్రోల్. బొటనవేలితో పైకి తోస్తూ పోతాం, దాటినది ఎటో పోతుంది. కాగితం మీదైతే "ఎడమవైపు పేజీలో, కింద, పేరా చివర" అని చదివిన చోటు గుర్తుంటుంది, తెర మీద ఆ చోటంటూ ఏదీ లేదు. కాగితాన్నీ తెరనీ పోల్చిన 54 అధ్యయనాల్ని, లక్షా డెబ్బై వేలమందికి పైగా పాఠకుల ఫలితాల్ని కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. కాగితం మీద చదివినవాళ్ళకి అవగాహన కొంత మెరుగ్గా ఉంది. తేడా సమాచారం ఇచ్చే రచనల్లోనూ, అవీ కథలూ కలిపి చదివినప్పుడూ కనిపించింది, కేవలం కథలు చదివినప్పుడు కనిపించలేదు. అందుకని తెర మీద నవలలు చదవొద్దని నేను ఎవరికీ చెప్పను. వాదన ఉన్న పుస్తకం మాత్రం, వీలైతే, వేలు పెట్టి తిప్పగలిగే రూపంలో చదవమంటాను.

ఇన్ని పుస్తకాలుండగా ఒకే పుస్తకం చుట్టూ తిరిగితే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సెలవు రోజుల్లో, సంవత్సరానికి ఇంతేనని దొరికే సమయంలో, నాకూ ఆ బెంగ ఉంటుంది. నా జవాబు ఇది: అన్ని పుస్తకాలకీ అంత శ్రద్ధ అక్కర్లేదు. యాభై పేజీల్లో పట్టుకోని పుస్తకాన్ని ఏ మొహమాటమూ లేకుండా వదిలేస్తాను. ఒకసారి చదివి సంతోషపడి పక్కన పెట్టే పుస్తకాలు కూడా నాకు కావాలి. కానీ ఏడాదిలో నాలుగైదైనా పుస్తకాలతో "చదువుకున్నాను" అనగలగాలి. ఆ నాలుగైదు లేకపోతే మిగతా నలభై దేనికో నాకు అర్థం కాదు.

ఆ నాలుగైదు పుస్తకాలకి నేను చేసేది పెద్ద పద్ధతేమీ కాదు. అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి, మూడు వాక్యాల్లో ఏం జరిగిందో, ఏది అంతుపట్టలేదో రాస్తాను. చూసి రాయను. తర్వాత తెరిచి, ఎక్కడ తప్పానో చూస్తాను. చివరి పేజీ అయ్యాక ఆ రోజే మొదటి అధ్యాయం మళ్ళీ చదువుతాను. ఈ ఒక్క అలవాటు మిగతా అన్నిటికంటే ఎక్కువ ఇచ్చింది. మొదటి అధ్యాయాన్ని రచయిత ముగింపు తెలిసి రాశాడు, మనం తెలియక చదివాం. రెండోసారి ఆ అధ్యాయం దగ్గర ఇద్దరం సమానంగా కూర్చుంటాం.

అక్కా నేనూ ఇప్పుడు ఒకే పుస్తకం ఒకే నెలలో చదువుతాం. పోయిన నెల ఆ తలుపు నవలే మళ్ళీ తీశాం. నాకు ఇది మూడోసారి. చివరి పేజీ అయ్యాక 43కి వెళ్ళాను, అక్కడి నుంచి తుప్పు పట్టిన గడియ దగ్గరికి, మళ్ళీ చివరి పేజీకి. అమ్మాయి లోపలికి అడుగుపెడుతుంది. వెనక తలుపు దగ్గరికి వేస్తుంది. వాక్యం అక్కడ ఆగుతుంది.

అక్కకి ఫోన్ చేశాను. "ఆ పిల్ల లోపలికి వెళ్ళాక గడియ పెట్టిందా?"

అవతల నిశ్శబ్దం. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఉండరా, పుస్తకం తెస్తాను" అంది.